రొంప్ అంటే రొంప కాదు!

ఈ రోజు మన ఇంగ్లీషు పదం రొంప్. మన తెలుగు రొంపకీ దీనికీ ఏ సంబంధం లేదు, కాబట్టి తుమ్మకండి.

కట్టు విప్పిన లేగదూడని చూశారు కదా? తోక పైకెత్తి చెంగుచెంగున గెంతుతుంది. పిల్లలు దాని వెంటపడి, కిందపడి, లేచి, నవ్వి... ఆ గోల మొత్తం రొంప్. చంటిపిల్లలకి వేసే రొంపర్ పేరు కూడా దీంట్లోంచి వచ్చిందే.

మరి మన చంద్రగిరి పక్కన రంగంపేట పశువుల పండగ? కొమ్ములకి పలకలు కట్టిన ఎద్దులు దూసుకొస్తుంటే కుర్రోళ్ళు వాటిమీదకి ఎగబడతారు. అది రొంప్ కాదబ్బా! అక్కడ దెబ్బలు తగుల్తాయి. రొంప్‌లో భయం ఉండదు.

రెండో అర్థం, సునాయాసంగా గెలవడం. గుర్రప్పందెంలో ఒక గుర్రం ఆడుతూ పాడుతూ ముందొచ్చేస్తే 'రొంప్డ్ హోమ్' అంటారు. క్రికెట్‌కీ, ఎలక్షన్లకీ ఇదే మాట. 1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశం 1983 జనవరి ఎన్నికల్లో 294 సీట్లకి 200 పైనే గెలిచింది. ఎన్టీఆర్ గుడివాడతో పాటు మన తిరుపతిలోనూ గెలిచారు. ఇక్కడ రొంప్ వాడొచ్చు. 2009లో చిరంజీవి తిరుపతిలో గెలిచారు గానీ పాలకొల్లులో ఓడిపోయారు, పార్టీకి వచ్చింది 18 సీట్లు. అక్కడ వాడితే నవ్వుతారు.

ఇంకో మాట. ఎన్టీఆర్ చైతన్య రథం మీద నెలల తరబడి ఊరూరా తిరిగారు. అంటే రిజల్ట్ రొంప్, దాని వెనకున్న కష్టం కాదు. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది.

ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక రిలీజ్ అయిపోగానే టీమ్ మొత్తానికీ గొప్పగా మెయిల్ పెట్టా, 'వి రొంప్డ్ త్రూ ఇట్' అని. పొగుడుతున్నా అనుకున్నా. టెస్టింగ్ చేసిన అమ్మాయి నా సీటు దగ్గరికొచ్చి, "అన్నా, మూడు రాత్రులు నిద్రపోలేదు నేను. నీకు ఆటలాగా అనిపించిందా?" అనింది. ఏం చెప్పాలో తెలీలేదు. సారీ చెప్పి, ఆ సాయంత్రమే ఇంకో మెయిల్ రాశా. ఈసారి ఆ మూడు రాత్రుల్లో ఎవరు ఏ బగ్ పట్టుకున్నారో పేరుపేరునా రాశా. మొదటి పేరు ఆ అమ్మాయిదే.

అన్నట్టు, ఇంగ్లీషు టాబ్లాయిడ్ హెడ్డింగుల్లో పెద్దోళ్ళ గురించి రొంప్ అని కనిపిస్తే అది చాటుమాటు సరసం. ఆఫీసు మెయిల్లో జాగ్రత్త!