దారి చూపు దీపము

కావలి నుండి జలదంకి మీదుగా కలిగిరి, వింజమూరుల వైపు పోవు రోడ్డు మీద పగటిపూట కారు నడుపుట కష్టమేమియు కాదు. రాత్రి సంగతి వేరు. ఊరు దాటగానే వీథిదీపము ఉండదు. తారు ఎక్కడ ముగిసి మట్టి ఎక్కడ మొదలైనదో తెలియదు. కోతల కాలమున సగము రోడ్డు మీద వడ్లు ఆరబోసి, ఎవరును తొక్కకుండ చుట్టును రాళ్లు పేర్చియుందురు. వెనుక ఎర్రదీపము లేని ట్రాక్టరు తొట్టి, చీకటిలో చీకటియై నడచు ఎనుములు, మలుపు వద్ద నిలిపి వదలిన బండి - ఇవన్నియు ఆ దారిన పోవువారికి పరిచయమైనవే.

రెండేండ్ల క్రిందట పుష్యమాసములో ఒకనాడు, పొగాకు రైతులతో సంభాషణ ఒకటి రికార్డు చేయవలసియుండి, తెల్లవారకముందే మా చిన్నకారులో కలిగిరికి బయలుదేరితిమి. కారు వయస్సు పదునాలుగేండ్లు. తడిసిన వరిమళ్ల మీదను, చెరువుల మీదను లేచిన మంచునకు పొగాకు బ్యారన్ల పొగ తోడై, రోడ్డు మీద తెల్లని తెర కట్టినది. మా కారు దీపములు ఆ తెర ముందు కిరసనాయిలు బుడ్డి వలె మినుకుచుండెను. జలదంకి సమీపించుచుండగా, ఉన్నట్టుండి ముందు ఒక తొట్టి వెనుకభాగము గోడ వలె నిలిచినది. బ్రేకు తొక్కితిమి. కారు ఆగిన తరువాత దిగి చూచితిమి గదా, మధ్యదూరము రెండు మూరలకు మించి లేదు. తొట్టి మీద బేళ్ల నడుమ నిద్రించుచున్న పిల్లవాడు లేవనైన లేవలేదు.

ఆ వారమే బల్బులు మార్పించితిమి. ఈ ప్రసంగమునకు కారణము ఆ మార్పే.

చిన్నకార్లలో చాలవాటి హెడ్‌లైటునందు హెచ్-4 అను రకపు బల్బు ఉండును. ఒకే గాజు బుడ్డిలో రెండు ఫిలమెంట్లు: దూరము చూచుటకు 60 వాట్లది, డిమ్ చేయుటకు 55 వాట్లది. ఈ రకము 1971 నుండి వాడుకలో ఉన్నది. బుడ్డిలో హాలొజెన్ వాయువును నింపి చేసిన కారు దీపములు అంతకు ముందు 1962లోనే యూరపులో వచ్చినవి. వేడికి ఫిలమెంటు నుండి ఆవిరియైన టంగ్‌స్టను గాజునకు అంటి నల్లబారకుండ, ఈ వాయువు దానిని మరల ఫిలమెంటునకే చేర్చును. అందుచేతనే పాత బల్బుల కంటె ఇవి తెల్లగా, ఎక్కువకాలము వెలుగగలవు. ఈ గాజును వట్టి చేతితో తాకరాదని మెకానిక్కులు చెప్పుట చాదస్తము కాదు. వ్రేలి జిడ్డు అంటినచోట వేడి హెచ్చి బుడ్డి చెడును.

మేము పోయిన అంగడివారు 60/55కు బదులు 100/90 వాట్ల బల్బులు చూపి, ‘ఇవి వేస్తే రాత్రి పగలౌతుంది సార్’ అనిరి. మాకును అదే కావలసియుండెను. వేయించితిమి. ఆ రాత్రి ఊరి వెలుపలికి పోయి చూచితిమి. చెట్ల ఆకులు లెక్కపెట్టవచ్చునన్నంత వెలుగు. ఆ సంతోషము ఒక నెల నిలిచినది.

నెల తరువాత, అదే దారిన, అదే వేళకు పోవుచుండగా ఎదురుగా మోటారు సైకిలు ఒకటి వచ్చినది. డిమ్ చేసితిమి కూడ. అయినను ఆ బండి తూలి, రోడ్డు దిగి, ప్రక్క కాలువలోనికి ఒరిగినది. రెండు వైపుల కట్టిన పాలక్యాన్లలో ఒకటి దొర్లి, పాలు మట్టిపాలైనవి. పరుగున పోయి లేవదీసితిమి. ఏబది దాటిన మనిషి. మోకాలు గీసుకొని పోవుట తప్ప దేవుని దయవలన మరేమియు కాలేదు. ఆయన మమ్ము తిట్టలేదు. కన్నులు నులుముకొని, ‘ఏంది సామీ, మీకు బాట కనపడాల. మాకు కనపడబన్లేదా?’ అని మాత్రము అడిగెను.

తప్పు మాదేనని ఒప్పుకొని, వద్దన్నను పాల వెల ఆయన చేతిలో పెట్టితిమి. ఆ ప్రశ్నకు జవాబు మాత్రము అప్పుడు మావద్ద లేదు. మరి నాలుగు రోజులకు కారులో కాలిన వాసన వచ్చినది. చూడగా కుడి దీపము వెనుక బల్బు హోల్డరు మైనము వలె కరగి వంగియుండెను. లోపలి వెండి రంగు పూత పొగచూరినట్లు మాసియుండెను. అప్పుడు గాని ఈ విషయమును శ్రద్ధగా తెలిసికొన పూనుకొనలేదు. అనుభవజ్ఞులైన ఎలక్ట్రీషియన్లను అడిగి, పుస్తకములు తిరుగవేసి, మా కారు మీదనే కొలతలు తీసికొంటిమి.

మొదట వేడి సంగతి. 12 వోల్టుల కారులో 55 వాట్ల బల్బు ఒక్కొక్కటి సుమారు 4.6 ఆంపియర్లు లాగును. 100 వాట్లది 8.3 ఆంపియర్లు. కరెంటు రెట్టింపు కాలేదు గదా అని సరిపెట్టుకొనరాదు. తీగలో పుట్టు వేడి కరెంటు యొక్క వర్గమును అనుసరించును. కావున తీగ వేడి మూడు రెట్లు దాటును. కంపెనీవారు వేసిన సన్నని తీగ, స్విచ్చి, హోల్డరు ఇంత వేడికై చేసినవి కావు. ఫ్యూజు కాలిపోవుచున్నదని దాని స్థానమున పెద్దది వేయువారు కలరు. అట్టివారి కారులో తరువాత కాలవలసినది తీగయే.

వింత యేమనగా, మా పాత బల్బులలో దోషమే లేదు. బ్యాటరీ వద్ద మీటరు పెట్టి చూడగా 13.6 వోల్టులు; దీపము వెలుగుచుండగా బల్బు కాళ్ల వద్ద 12.2 మాత్రమే. మధ్యలో 1.4 వోల్టులు పదునాలుగేండ్ల తీగలోను, తుప్పు పట్టిన ఎర్తు బిగింపులోను హరించిపోవుచుండెను. ఇది పదింట ఒక వంతు, పోతే పోయినదనిపించును. కాని ఫిలమెంటు వెలుగు వోల్టేజితో సమముగా తగ్గదు. నూటికి ఐదు పాళ్లు వోల్టేజి తగ్గిన వెలుగు నూటికి పదునారు పాళ్లు తగ్గును; పది పాళ్లు తగ్గిన ముప్పది పాళ్లు తగ్గును. మంచు తెర ముందు మేము చూచిన బుడ్డిదీపము ఇదే.

దీనికి విరుగుడు చౌకయైనది. బ్యాటరీ నుండి నేరుగా లావుపాటి తీగ లాగి, మధ్య ఒక రిలే పెట్టి, స్విచ్చి నుండి వచ్చు పాత తీగచేత ఆ రిలేను మాత్రము పని చేయించుట. అప్పుడు బల్బునకు కావలసిన కరెంటు స్విచ్చి గుండ తిరిగి రాదు. ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉండవలెను. దూరముగా ఉన్నచో, నడుమ తీగ రాచుకొని కారు శరీరమునకు తగిలినప్పుడు కాపాడునది యుండదు. ఎర్తు బిగింపు విప్పి, గీకి, బిగించవలెను. ఈ పని పూర్తియైన పిమ్మట పాత 60/55 బల్బులే మరల వేయించితిమి. మీటరు 13.3 చూపినది. వోల్టేజి హెచ్చిన బల్బు ఆయుస్సు కొంత తగ్గుననుట నిజమే. దానికి మేము సిద్ధపడితిమి.

అంతకంటె చౌకయైనది మరొకటి కలదు. ఈనాటి హెడ్‌లైటుల ముందుభాగము గాజు కాదు, పాలికార్బొనేటను ప్లాస్టిక్కు. మన నెల్లూరి ఎండకు అది కొన్నేండ్లలో పసుపుబారి, ముసలివాని కన్ను వలె పొర కమ్మును. పొరలో పడిన వెలుగు ముందుకు పోక నలుదిక్కుల చెదరును. సన్నని నీటికాగితముతో రుద్ది, మెరుగుపెట్టి, ఎండను ఆపు పూత పూయించినచో కొత్త బల్బు వేసినంత భేదము కానవచ్చును. పూత పూయకపోయిన కొద్ది నెలలలో మొదటికి వచ్చును.

ఇక ఆ పాలాయన ప్రశ్న. డిమ్ చేసినను ఆయన కన్నులు ఏల చెదరినవి? హెచ్-4 బల్బులో డిమ్ ఫిలమెంటు క్రింద చిన్న రేకుదొప్ప ఒకటి ఉండును. అది వెలుగును అద్దము యొక్క సగముమీద పడనీయదు. అందుచే వెలుగు మీదికి పోక రోడ్డు మీదికే వ్రాలును. ఫిలమెంటు తన స్థానమునుండి మిల్లీమీటరు తప్పినను ఈ లెక్క చెడును. మాకు వేసిన పెద్ద బల్బు హోల్డరులో సరిగా కూర్చుండనేలేదు. తీగలే కాదు, గురియు తప్పినదన్నమాట. దానికి తోడు ఆనాడు వెనుక డిక్కీలో రికార్డింగు సామగ్రియు, మిత్రులొకరు పంపిన రెండు బియ్యపు బస్తాలును ఉండెను. వెనుక బరువు పడిన ముక్కు లేచును. దీపములు ఆకాశమును చూచును. చాల కార్లలో దీపమును దించుటకు చిన్న చక్రమొకటి అమర్చియుందురు. దానిని ఎన్నడైన త్రిప్పినవారు శ్రోతలలో ఎందరో!

ఇప్పుడు అంగళ్లలో ఎక్కువగా అమ్ముచున్నవి ఎల్.ఇ.డి. బల్బులు. పాత హోల్డరులోనే పట్టును, కరెంటు తక్కువ, వేడియు ముందువైపు తక్కువ. కాని ఫిలమెంటు అన్ని వైపులకు వెలుగు చిమ్ము సన్నని చుట్ట. ఎల్.ఇ.డి. చిప్పులు పలకకు రెండు వైపుల అంటించిన చుక్కలు. ఫిలమెంటుకై కట్టిన అద్దములో వీనిని పెట్టిన, వెలుగు కొన్నిచోట్ల గుమిగూడి, కొన్నిచోట్ల ఎండి, మిగిలినది ఎదుటివాని కన్నులలో పడును. జర్మనీలో 2020 నుండి ఇట్టి బల్బులను అనుమతించినారు గాని, పరీక్షించి జాబితాలో చేర్చిన కొన్ని కార్లకే. కార్ఖానాలోనే ఎల్.ఇ.డి.కై నిర్మించిన దీపముల సంగతి వేరు; వాటిని తప్పుపట్టుట లేదు. నీలిరంగు పూసిన హాలొజెన్ బల్బులను గూర్చి మాకు ఏమాత్రము సదభిప్రాయము లేదు. పూత కొంత వెలుగును మ్రింగును. మిగిలిన నీలపు వెలుగు ఎదుటివానికి మరింత చురుకుగా గ్రుచ్చుకొనును.

చట్టమును గూర్చి రెండు మాటలు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలో 106వ నియమము దీపపు వాలును నిర్ణయించుచున్నది. దీపమునకు 8 మీటర్ల ముందు, అర మీటరు కుడిప్రక్కన, నేల నుండి 1.5 మీటర్ల ఎత్తున ఉన్న కంటికి మిరుమిట్లు కలుగరాదు. మోటారు సైకిలు మీద కూర్చున్న మనిషి కన్ను ఇంచుమించు ఆ ఎత్తుననే యుండును. 1988 నాటి చట్టము 52వ సెక్షను ప్రకారము కంపెనీవారి వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటనే గట్టిగా చెప్పినది.

గురి చూచుటకు పెద్ద యంత్రము అక్కరలేదు. సమమైన నేల మీద, గోడకు పది మీటర్ల దూరమున కారు నిలిపి, డిమ్ దీపము వేయవలెను. గోడ మీద వెలుగు తెగిన గీత, బల్బు ఎత్తు కంటె పది సెంటీమీటర్లు క్రిందుగా పడవలెను. మనము ఎడమప్రక్క నడుపువారము గనుక ఆ గీత ఎడమవైపు కొంచెము లేచును. అమెరికాలోని బంధువులు పంపిన హెడ్‌లైటు డొప్పలు వేసినచో అది కుడివైపునకు, అనగా ఎదుటివాని వైపునకు, లేచును. బల్బు ఎక్కడైనను ఒకటే. డొప్ప మాత్రము దేశమును బట్టి మారును.

ఫాగ్ లైటు విషయమున మా భ్రమయే ఎక్కువ. పసుపు వెలుగు మంచును చీల్చుకొని పోవునని చిన్ననాటి నుండి వినుచున్నాము. మంచు బిందువు మిల్లీమీటరులో నూరవ వంతు ఉండును. వెలుగు తరంగము అంతకు ఎన్నో రెట్లు చిన్నది. అంత పెద్ద బిందువునకు పసుపని, తెలుపని భేదము లేదు. అన్నిటిని ఒకే తీరున చెదరగొట్టును. ఫ్రాన్సులో 1930ల చివరి నుండి 1993 వరకు కార్లన్నిటికి పసుపు దీపములే నియమమైయుండి, తరువాత ఎత్తివేయబడినవి. ఫాగ్ లైటు గొప్పదనము రంగులో లేదు. క్రిందుగా ఉండుటలోను, వెలుగును వెడల్పుగా పరచి పైభాగమును కత్తిరించినట్లు ఆపుటలోను ఉన్నది. పై వెలుగు మంచు మీద పడి మన కన్నులకే తిరిగి రాదు. అందులో 55 వాట్లకు బదులు 100 వేసిన తెల్లగోడ మరింత తెల్లనగును, ప్లాస్టిక్కు డొప్ప కరగును. మంచు లేని రాత్రి దానిని వెలిగించుటయు మేలు కాదు. కారు ముందు నాలుగు గజములు ధగధగ మెరసిన కంటిపాప ముడుచుకొని, దూరమున ఉన్న ఎనుము కానరాదు.

కంటి మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. అరువది యేండ్ల కంటిలోనికి పోవు వెలుగు, ఇరువది యేండ్ల కంటిలోనికి పోవుదానిలో ఇంచుమించు మూడవ వంతే. నలుబదులలో ఉన్న మాకును ఆ దారి మొదలైనది. శుక్లము ఉన్నవారికి ఎదుటి దీపము ముత్యాల చుట్టు వలె విచ్చుకొనును. దీపము మార్చుటకు పోవు మనిషి ముందు కంటివైద్యుని చూచుట నష్టము కాదు.

ఎంత చక్కని డిమ్ దీపమైనను చీకటి రోడ్డున నలుబది నుండి అరువది మీటర్ల వరకే నమ్మదగిన వెలుగు నిచ్చును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవుచు ఒకటిన్నర సెకనులో తెలివి తెచ్చుకొని బ్రేకు తొక్కిన, పొడి రోడ్డున ఆగుటకు సుమారు 48 మీటర్లు కావలెను. 80 అయినచో 74 మీటర్లు. ఆ వేగమున మనము కానరాని చోటికి పరుగిడుచున్నాము. మంచు ఉన్ననాడు ఇరువది మీటర్లు కనబడిన గొప్ప. అప్పుడు 30 కిలోమీటర్లే హెచ్చు.

మొన్న ధనుర్మాసములో మరల ఆ దారిన పోయితిమి. జలదంకి వద్ద పాలక్యాన్ల మోటారు సైకిలు ఒకటి ఎదురైనది. దూరముననే డిమ్ చేసి, వేగము తగ్గించితిమి. మంచులో ముఖము పోల్చుకొనలేకపోతిమి గాని, ఆయన చేయెత్తి సాగిపోయెను. ఆయన బండి దీపము మాత్రము రోడ్డును విడిచి తాటిమట్టలను చూచుచుండెను.