పేరు పెట్టి పిలిచే గౌరవం



సన్మానం అనగానే మనకు శాలువా, పూలదండ, పళ్లెంలో నాలుగు పళ్లు గుర్తుకొస్తాయి. మన మహిళామండలుల వార్షికోత్సవాల్లో ఇవి చూస్తూనే ఉంటాం. వేదిక మీదికి పిలిచేటప్పుడు "ఫలానావారి శ్రీమతి, ఇద్దరు బిడ్డల తల్లి" అని మొదలుపెట్టి, ఆ తర్వాతే ఆమె చేసిన పని చెబుతారు. మనకది అలవాటైపోయింది. మరి భర్త లేని స్త్రీని, పెళ్లే వద్దనుకున్న స్త్రీని, ఇంకొక స్త్రీనే జీవితానికి తోడుగా ఎంచుకున్న స్త్రీని ఏమని పరిచయం చేయాలి? ఊరికి వాళ్లు ఎంత మేలు చేసినా మొదటి వాక్యం దగ్గరే మనకు నోరు పెగలదు. ఈ వేళ నేను చెప్పబోయేది అలాంటి స్త్రీల గురించే.

స్త్రీని ప్రేమించే స్త్రీని లెస్బియన్ అంటారు. స్త్రీనైనా పురుషుణ్ణయినా ప్రేమించగలిగే వారిని బైసెక్సువల్ అంటారు. ఈ మాటలు వినగానే రేడియో కట్టెయ్యబోయే వారుంటే, దయచేసి పది నిమిషాలు ఓపిక పట్టండి. వాళ్ల పడకగది కబుర్లు నాకూ అక్కర్లేదు, మీకూ అక్కర్లేదు. వాళ్లు చేసిన పని, దానికి దక్కిన గౌరవం, అది దక్కడానికి పట్టిన కాలం, ఇవి మాత్రం తెలుసుకోదగ్గవి.

అమెరికాలో డెల్ మార్టిన్, ఫిల్లిస్ లయన్ అని ఇద్దరు స్త్రీలుండేవారు. డెల్ 1921లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టారు, ఫిల్లిస్ 1924లో ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో. ఇద్దరిదీ పత్రికల్లో ఉద్యోగం. సియాటిల్ నగరంలో ఒకే ఆఫీసులో పనిచేస్తూ స్నేహితులయ్యారు. 1953లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కలిసి కాపురం పెట్టారు. కాపురమైతే పెట్టారుగానీ, ఇరుగుపొరుగుకు చెప్పుకోలేరు, ఆఫీసులో చెప్పుకోలేరు. ఆ రోజుల్లో అక్కడ ఇలాంటి స్త్రీ అని తెలిస్తే ఉద్యోగం పోయేది. పిల్లల తల్లయితే కోర్టులో ఆ పిల్లలే పోయేవారు. తమలాంటి వాళ్లు కలుసుకునే చోట్లు ఒకటో రెండో ఉన్నా, అక్కడ పోలీసుల దాడులు.

1955లో వీళ్లిద్దరూ, మరో ఆరుగురూ కలిసి ఒక ఇంట్లో కూర్చుని ఒక సంఘం పెట్టుకున్నారు. దాని పేరు డాటర్స్ ఆఫ్ బిలిటిస్. ఎవరైనా వింటే ఏదో ఆడవాళ్ల క్లబ్బు కాబోలు అనుకోవాలని అలాంటి పేరు పెట్టారు. మరుసటి ఏడాది అక్టోబరులో ది లాడర్, అంటే నిచ్చెన, అనే పత్రిక తెచ్చారు. మొదటి సంచిక టైపు చేసి, రోళ్ల మీద తిప్పి తీసిన 175 ప్రతులు. ఫిల్లిస్ సంపాదకురాలు. తన పేరు వేసుకునే ధైర్యం లేక మొదట ఆన్ ఫెర్గూసన్ అనే మారుపేరు పెట్టుకున్నారు. కానీ చదివేవాళ్లను భయపడవద్దని రాస్తూ, రాసే తాను మారుపేరు చాటున దాక్కుంటే ఎలా? కొన్ని సంచికల్లోనే ఆ మారుపేరు చచ్చిపోయిందని ప్రకటించి, ఫిల్లిస్ లయన్ అని సొంత పేరు వేసుకున్నారు.

ఆ పత్రికకు ఉత్తరాలు రాసిన వాళ్లలో లొరెయిన్ హాన్స్‌బెరీ ఒకరు. 1959లో ఆమె నాటకం న్యూయార్కులోని బ్రాడ్వే రంగస్థలం ఎక్కింది. నల్లజాతి స్త్రీ రాసిన నాటకం అక్కడ ఆడడం అదే మొదటిసారి. అంతటి రచయిత్రి కూడా 1957లో ఈ పత్రికకు రాసిన ఉత్తరాల కింద పొడి అక్షరాలు మాత్రమే పెట్టారు. పేరు పెట్టుకోవడం ఎంత కష్టమో దీన్నిబట్టి ఊహించుకోండి. మీరు రేడియోకు ఉత్తరం రాసి, పేరు చదవవద్దని అడుగున రాస్తారే, ఆ కష్టమే వందింతలన్నమాట.

ఆ సంఘం, ఆ పత్రిక వాళ్లవాళ్ల కోసమే కదా, మనకేమిటి అంటారేమో. అక్కడికే వస్తున్నాను.

1976లో డెల్ మార్టిన్ ఒక పుస్తకం రాశారు. భర్తల చేత దెబ్బలు తినే భార్యల గురించి. పేరు బ్యాటర్డ్ వైవ్స్. ఇంట్లో భార్యను కొడితే అది సంసారం గొడవ అని పోలీసులు తలుపు దాకా వచ్చి వెనక్కి పోయే కాలమది. అంత బాధపడుతూ ఆమె ఎందుకు పడి ఉంటుంది అని అందరూ అడిగేవారు. బయటికొస్తే ఆమె తల దాచుకునే చోటేదీ అన్న ప్రశ్నను డెల్ ముందుకు తెచ్చారు. బాధితులకు ఆశ్రయాలు కావాలన్నారు, చట్టం ఇంటి గడప దాటి లోపలికి రావాలన్నారు. అమెరికాలో గృహహింస గురించి వచ్చిన తొలి పుస్తకాల్లో అదొకటి. మన దేశంలో 498ఎ సెక్షన్ 1983లో వచ్చింది, గృహహింస చట్టం 2005లో వచ్చింది. భర్త లేని, భర్త అక్కర్లేని ఒక స్త్రీ, భర్తల చేత దెబ్బలు తినే స్త్రీల కోసం ఏళ్లపాటు పాటుపడింది. ఆమె సొంత ఇంటి సమస్య కాదది. మనలాంటి ఇళ్ల సమస్య.

ఇక దక్కిన గౌరవాల సంగతి. 1979లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఆసుపత్రి తెరిచి, దానికి వీళ్లిద్దరి పేర్లూ కలిపి లయన్-మార్టిన్ అని పెట్టారు. డాక్టరు దగ్గర నిజం చెప్పుకోలేక రోగం ముదరబెట్టుకునే స్త్రీల కోసం పుట్టిన ఆసుపత్రి. 1995లో వృద్ధుల సమస్యలపై వైట్‌హౌస్ జరిపిన మహాసభకు ఇద్దరినీ ప్రతినిధులుగా తీసుకున్నారు. 2004 ఫిబ్రవరిలో నగర మేయరు ఇలాంటి జంటలకు పెళ్లి పత్రాలివ్వమన్నప్పుడు మొట్టమొదటి పత్రం వీళ్లకే ఇచ్చారు. ఆగస్టులో కోర్టు ఆ పెళ్లిళ్లు చెల్లవంది. 2008 జూన్ 16న చట్టం ఒప్పుకున్నాక మళ్లీ పెళ్లి చేసుకున్నారు. అప్పటికి డెల్‌కు 87, ఫిల్లిస్‌కు 83. యాభై ఏళ్లకు పైగా కాపురం చేశాక పెళ్లి! ఆ ఆగస్టు 27న డెల్ కన్నుమూశారు. చట్టం చేతిలో పెట్టిన ఆ దాంపత్యం రెండున్నర నెలలు కూడా నిండలేదు. ఫిల్లిస్ 2020 ఏప్రిల్‌లో పోయారు. వాళ్లు కాపురమున్న డంకన్ వీధిలోని చిన్న ఇంటిని 2021లో నగరం చారిత్రక కట్టడంగా గుర్తించింది. పెద్ద మేడ కాదు, ఒక మామూలు ఇల్లు.

బ్రెండా హోవర్డ్ సంగతి కూడా చెప్పాలి. న్యూయార్కు స్త్రీ. తాను బైసెక్సువల్ అని దాచకుండా చెప్పుకున్న మనిషి. 1969లో స్టోన్‌వాల్ అనే చోట పోలీసు దాడి మీద తిరగబడిన సంఘటనకు ఏడాది నిండిన సందర్భంగా, 1970 జూన్‌లో న్యూయార్కులో ఊరేగింపు జరిగింది. దాన్ని నడిపించిన వాళ్లలో ఆమె ఒకరు. ఈ రోజు ఎన్నో దేశాల్లో ఏటేటా జరిగే ప్రైడ్ ఊరేగింపులకు నాంది పలికిన వాటిలో అదొకటి. ఆమె 2005లో పోయాక, క్వీన్స్ ప్రాంతంలోని తల్లిదండ్రుల సంఘం వారు ఆమె పేర ఒక పురస్కారం ఏర్పాటు చేశారు.

తల్లిదండ్రుల సంఘం అన్నాను, గమనించారా? ఇలాంటి పిల్లల తల్లిదండ్రుల సంఘం అది. జీన్ మాన్‌ఫర్డ్ అనే ఒక బడిపంతులమ్మ కొడుకును 1972లో కొట్టారు. ఆమె ఏడుస్తూ ఇంట్లో కూర్చోలేదు. ఆ జూన్ ఊరేగింపులో అట్టముక్క మీద తన మాట రాసి పట్టుకుని, కొడుకు పక్కన నడిచింది. దారి పొడుగునా పిల్లలు ఆమె దగ్గరికి పరుగెత్తుకొచ్చి, మా అమ్మతో కూడా మాట్లాడవా అని బతిమాలారు. మరుసటి ఏడాది మార్చిలో ఒక చర్చిలో ఇరవైమందితో తల్లిదండ్రుల మొదటి సమావేశం పెట్టింది. 2013లో, ఆమె పోయిన నెలరోజులకు, అమెరికా అధ్యక్షుడు ఆమెకు పౌర పతకం ఇచ్చారు.

ఇదంతా పరాయి దేశం మాట అనకండి. మన హైదరాబాదులో పుట్టిన మేనకా గురుస్వామి సుప్రీంకోర్టు న్యాయవాది. ఆమె, అరుంధతీ కట్జూ అనే మరో న్యాయవాది కలిసి 377వ సెక్షన్ మీద పిటిషన్‌దార్ల తరఫున వాదించారు. 1860 నాటి శిక్షాస్మృతిలోని ఆ సెక్షన్ ఇష్టపూర్వకమైన ప్రేమను కూడా నేరం చేసింది. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అది చెల్లదంది. మరుసటి ఏడాది టైమ్ పత్రిక ప్రపంచంలో ప్రభావశీలురైన వందమందిలో వీరిద్దరినీ చేర్చింది. తామిద్దరం జంట అని కూడా వాళ్లు 2019లోనే బయటికి చెప్పారు. అయితే 2023 అక్టోబరు 17న అదే కోర్టు ఇలాంటి జంటలకు పెళ్లి హక్కు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. గౌరవం దక్కిందిగానీ దాంపత్యానికి కాగితం దక్కలేదు.

"మంచి పని చేస్తే సన్మానించండి, సరే. వాళ్లు ఎవరిని ప్రేమిస్తే మనకేం? ఆ సంగతి ఎందుకు చెప్పాలి?" అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఫలానావారి శ్రీమతి అని చెప్పేటప్పుడు మనం చెప్పేది మాత్రం ఏమిటి? ఆమె ఎవరితో కాపురం చేస్తుందోననేగా! మన విషయంలో అది పరిచయం, వాళ్ల విషయంలో మాత్రం అనవసరమా? దాచి సన్మానిస్తే, ఆ మనిషిలో సగాన్ని గుమ్మం బయట నిలబెట్టి మిగతా సగానికి శాలువా కప్పినట్టే.

ఇంకొక కారణం ఉంది. మన ఇళ్లల్లోనే పెళ్లి మాట ఎత్తితే ముఖం తిప్పుకునే ఆడపిల్లలు కొందరుంటారు. పొగరనుకుంటాం, గాలి సోకిందనుకుంటాం, డాక్టర్ల చుట్టూ, తాయెత్తుల చుట్టూ తిప్పుతాం. ఇది రోగం కాదని అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లోనే తేల్చింది, మన దేశపు మానసిక వైద్యుల సంఘం 2018లో చెప్పింది. రోగం కాని దానికి మందేమిటి? బలవంతాన తాళి కట్టిస్తే ఒకరి బతుకు కాదు, ఇద్దరి బతుకులు పాడవుతాయి. అలాంటి పిల్లకు తనలాంటి స్త్రీ ఒకరు లాయరయిందనీ, పుస్తకం రాసిందనీ, ఆమె పేర ఆసుపత్రి ఉందనీ తెలిస్తే, చావు తప్ప దారి లేదన్న ఆలోచన రాదు. సన్మానం వల్ల అసలు ప్రయోజనం శాలువా కప్పుకున్న వాళ్లకంటే, వెనక వరసలో కూర్చుని చూసే ఆ పిల్లకే ఎక్కువ.

కాబట్టి అక్కలారా, ఈసారి మీ మండలిలో సన్మానపత్రం రాసేటప్పుడు ముందు ఆమె పేరు, ఆమె చేసిన పని రాయండి. ఇంటి సంగతి ఆమె చెప్పమన్నట్టే చెప్పండి. మీ అమ్మాయి ఏదైనా చెప్పడానికి వచ్చి గుమ్మం దగ్గర తచ్చాడుతుంటే, పొయ్యి మీది కూర దించి పక్కన పెట్టి కూర్చోండి. కూర మళ్లీ వేడి చేసుకోవచ్చు.