తప్పిపోయిన స్వరం: ‘బ్లూ మండే’ పాట తయారైన తీరు



మనిషి చేయి తగలకుండా యంత్రాలే ఒక పాటను మొదటి నుంచి చివరి దాకా వాయించగలవా? 1982లో ఇంగ్లండులోని మాంచెస్టర్ నగరానికి చెందిన ‘న్యూ ఆర్డర్’ బృందం ఇలాంటి ఆలోచనతోనే పని మొదలుపెట్టింది. దాని వెనుక కారణం గొప్పదేమీ కాదు. కచేరీ అయ్యాక శ్రోతలు మరో పాట కావాలని పట్టుబట్టేవారు. వీరికేమో మళ్ళీ వేదిక ఎక్కే అలవాటు లేదు. మీట నొక్కి వెళ్ళిపోతే తనంత తానే మోగే పాట ఒకటి ఉంటే బాగుంటుందనుకున్నామని ఆ బృందం సభ్యులే తరువాత చెప్పారు.

ఈ బృందానికి అంతకుముందు ‘జాయ్ డివిజన్’ అని పేరు. గాయకుడు ఇయాన్ కర్టిస్ 1980 మే 18న, 23 ఏళ్ళకే మరణించాడు. మిగిలిన బెర్నార్డ్ సమ్నర్, పీటర్ హుక్, స్టీఫెన్ మోరిస్ పేరు మార్చుకున్నారు. గిలియన్ గిల్బర్ట్ వారితో చేరింది. పోయిన గొంతును అనుకరిస్తూ బతకడమా, కొత్త ధ్వనిని వెతుక్కోవడమా అన్నది అప్పుడు వారి ముందున్న అసలు ప్రశ్న.

ఇక యంత్రాల సంగతి చూడండి. ఏ స్వరం ఎప్పుడు, ఎంతసేపు మోగాలో అంకెల రూపంలో గుర్తుంచుకుని సింథసైజర్‌కు ఆదేశాలిచ్చే పరికరాన్ని సీక్వెన్సర్ అంటారు. సమ్నర్ విడిభాగాలు తెచ్చుకుని స్వయంగా ఒకటి బిగించుకున్నాడు. వేర్వేరు కంపెనీల వాద్యాలను కలిపే ‘మిడి’ పద్ధతిని బహిరంగంగా ప్రదర్శించింది 1983 జనవరిలో. ఈ పాట పనికి అది అందిరాలేదు. కాబట్టి డ్రమ్ యంత్రానికీ సింథసైజర్‌కూ పొత్తు కుదర్చడమే పెద్ద పని అయింది. ఒకసారి ప్లగ్గు ఊడిపోయి, కూర్చిన దరువు మొత్తం డ్రమ్ యంత్రం జ్ఞాపకంలోంచి చెరిగిపోయిందని హుక్ చెప్పాడు. దానిని మళ్ళీ మొదటి నుంచి కూర్చారు.

గిల్బర్ట్ స్వరాలన్నీ కాగితాల మీద రాసుకుని, ఒక్కొక్కటిగా సీక్వెన్సర్‌లోకి ఎక్కించింది. అందులో ఒక స్వరం తప్పిపోయింది. దాంతో సింథసైజర్ వరస దరువుతో కలవకుండా పక్కకు జరిగింది. మన సంగీతంలో తాళం ఎత్తుగడకు ముందో వెనకో పాట ఎత్తుకోవడాన్ని విషమ గ్రహం అంటారు కదా! విద్వాంసుడు తెలిసి చేసే పని అది. ఇక్కడ పొరపాటున జరిగింది. విన్నారు, బాగుందనిపించింది, అలాగే ఉంచేశారు. నన్నడిగితే ఆ పాట ప్రాణం అక్కడే ఉంది. పైగా యంత్రాలే వాయించాలనుకున్న పాటలోకి హుక్ బాస్ గిటార్, సమ్నర్ గొంతు కూడా వచ్చి చేరాయి.

ఫ్యాక్టరీ రికార్డ్స్ సంస్థ 1983 మార్చి 7న ఈ సింగిల్‌ను విడుదల చేసింది. సింగిల్ అంటే ఒక పాటను ప్రధానంగా ముందుంచి అమ్మే రికార్డు. ఇది ఏడున్నర నిమిషాల పాట. 12 అంగుళాల రికార్డు మీద గాళ్ళను ఎడంగా వేయవచ్చు కాబట్టి మంద్ర ధ్వనులు బలంగా పలుకుతాయి. పీటర్ సావిల్ అట్టను కంప్యూటర్ ఫ్లాపీ డిస్కులా, రంధ్రాలతో రూపొందించాడు. పాట పేరు గానీ బృందం పేరు గానీ అక్షరాల్లో లేవు, రంగుల గళ్ళలో సంకేతంగా ఉన్నాయి. ఆ అట్ట ఖర్చు వల్ల ప్రతి కాపీకీ నష్టమే వచ్చిందని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ నష్టం ఎంత అన్నది మాత్రం చెప్పేవారిని బట్టి మారుతుంది.

మార్చి 31న బి.బి.సి. ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ కార్యక్రమంలో చాలామందిలా రికార్డుకు పెదవులు కదపకుండా, నిజంగానే వాయిస్తామని వీరు పట్టుబట్టారు. ప్రదర్శన పేలవంగా సాగింది. మీట నొక్కితే మోగాలని పుట్టిన పాట, అందరూ చూస్తుండగా మొండికేసింది! అయినా రికార్డు ఆగలేదు. అంతకుముందు 12వ స్థానం దాకా వెళ్ళిన ఆ పాట, అదే ఏడాది అక్టోబరులో బ్రిటిష్ పట్టికలో 9వ స్థానానికి చేరింది.