పడుగు ఎండించు ఆవిరి



మన భివండీ సైజింగు కార్ఖానాలలో గంజి పట్టిన పడుగును ఎండించునవి ఆవిరితో కాగు సిలిండర్లు. వాని వేడి వాల్వు చేతిలో నున్నది. వాల్వును త్రిప్పగా లోపలి ఒత్తిడి మారును. ఒత్తిడిని బట్టి వేడి మారును. గేజి ముల్లు 1 కిలో చూపినపుడు ఆవిరి సుమారు 120 డిగ్రీలు, 2 కిలోలు చూపినపుడు 133. వేడి మించినచో నూలు పెళుసై మగ్గముపై తెగును. చాలనిచో పోగులు అంటుకొనును. మీటర్ల లెక్కన కూలి పొందు మీకు ఆ నష్టము నేను చెప్పనక్కరలేదు.

మరుగు నీటి ఆవిరి ఒక గ్రాము నీరగునపుడు సుమారు 540 కేలరీల వేడి నిచ్చును. ఆ నీటిని వెలికి పంపి, ఆవిరిని పోనీయక నిలుపునది ట్రాపు. అది పూడుకొనిపోయినచో నీరు లోన నిలిచి వేడి తగ్గును. అప్పుడు వాల్వును ఎంత తెరచినను ఫలము స్వల్పము. శీతల దేశములలో ఇండ్లను కాచు వేడినీటి రేడియేటర్లకును ఇట్టి చిక్కే కలదు. అచ్చట పైభాగమున గాలి చిక్కుకొని చల్లబరచును. చిన్న తాళపుచెవితో దానిని వదలుదురు.

బాయిలరుపై నుండు సేఫ్టీ వాల్వు మాట వేరు. అది ప్రాణరక్షణకు ఉన్నది. ఆవిరి వృథా యగుచున్నదని దానిని బిగించి కట్టరాదు. ఇంట కుక్కరు మూతపై బరువును ఎవరును నొక్కి పట్టరు గదా!