కల్పితలోకములలోని క్రయవిక్రయములు



మన గ్రామములలోని యువకులు సెల్‌ఫోను చేతబట్టి గంటలకొలది ఆడుచుండుట మీరందరును చూచుచున్నదే. వారిలో కొందరు ఇటీవల మరియొక మాట చెప్పుచున్నారు. "ఇది ఆట కాదు తాతా, వ్యాపారము. ఇందులో స్థలము కొనవచ్చును, నాణెములు సంపాదింపవచ్చును. పదివేలు ఇప్పించు" అని అడుగుచున్నారు. ఆ పదివేలు పత్తివిత్తులకో, ఎరువునకో దాచియుంచిన సొమ్ము. ఇయ్యవలెనా, మానవలెనా అని తేల్చవలసినవారు ఇంటి పెద్దలు. ఆ లోకములలో ధనమెట్లు పుట్టునో, ఎట్లు నశించునో తెలియక ఆ తీర్పు చెప్పుట కష్టము. అయితే ఆదోని యార్డులో పత్తి అమ్మినవారికిని, ఎమ్మిగనూరు మగ్గముల సంగతి యెరిగినవారికిని ఈ విషయము పేరునకే క్రొత్తది అని నా అభిప్రాయము.

కంప్యూటరులో బొమ్మలతో కల్పించిన లోకమొకటి యున్నదనుకొనుడు. అందు వీధులు, ఇండ్లు, సముద్రము, అంగళ్లు ఉండును. మనుష్యుడు తన యింట కూర్చుండియే ఒక బొమ్మశరీరమును ధరించి అందు తిరుగును. వేరు దేశములవారు తమ బొమ్మలతో ఎదురుపడి మాటలాడుదురు, బేరములు చేయుదురు. అమెరికాలోని లిండెన్ ల్యాబ్ అను కంపెనీ 2003లో తెరచిన సెకండ్ లైఫ్ ఇట్టివానిలో ప్రసిద్ధమైనది. విని చెప్పుటకంటె చూచి చెప్పుట మేలని నేనందు కొన్ని సాయంకాలములు తిరిగితిని. ప్రవేశమునకు రుసుము లేదు. నడువవచ్చును, ఎగురవచ్చును గూడ. ఆకలి లేదు, ఎండ తగులదు. కావున తిండిగింజలకు గిరాకి లేదు. గిరాకి యంతయు అలంకారమునకును, స్థలమునకును. ఒక అంగడిలో చొక్కాలు తగిలించియున్నవి. వెల ఆ లోకపు నాణెమైన లిండెన్ డాలరులలో వ్రాసియున్నది. చొక్కాను ఒక్కమారు గీసినవాడు దానినే వేయిమారులు అమ్మవచ్చును. రెండవ చొక్కాకు నూలు అక్కరలేదు. ఎమ్మిగనూరు నేతగానికి ఇట్టి సౌకర్యము ఏనాడును కలుగలేదు గదా! కాని నూలు అక్కరలేని చొక్కాను ఎవరైనను గీయగలరు. అందుచేత అంగళ్లు మెండు, కొనువారు కొంచెము. నేను ప్రవేశించిన అంగళ్లలో పెక్కింట నేను తప్ప మరియొకరు లేరు. స్థలము కొన్నవాడు నెలనెల కంపెనీకి శిస్తువంటి రుసుము చెల్లించుచుండవలెను. మానినచో స్థలము దక్కదు.

ఇదంతయు వట్టి బొమ్మలాట యని త్రోసివేయుటకును వీలులేదు. ఎవర్‌క్వెస్ట్ అను ఆటలో నోరత్ అను కల్పితదేశము గలదు. 2001లో ఎడ్వర్డ్ కాస్ట్రొనోవా అను అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు ఆ దేశపు ఆదాయమును లెక్కకట్టెను. ఆటగాండ్రు తమ కత్తులను, కవచములను బయట నిజమైన డాలరులకు వేలమువేయుచుండిరి. ఆ ధరలనుబట్టి చూడగా ఆ లేని దేశపు తలసరి ఆదాయము రష్యా, బల్గేరియా దేశముల నడుమ నిలిచినది! 2006లో ఐలిన్ గ్రేఫ్ అను వనిత, చైనాలో పుట్టి జర్మనీలో నివసించుచున్నామె, సెకండ్ లైఫులో స్థలములను కొని, భాగములు చేసి, బాడుగకిచ్చి, తన ఆస్తి పదిలక్షల డాలరులు దాటినదని ప్రకటించెను. అయితే అది స్థలములకు కట్టిన వెలయేగాని చేతికి వచ్చిన రొక్కము కాదు. ఆ భేదము రైతునకు చెప్పనక్కరలేదు. ఇంటిలోనున్న పత్తికి పత్రికలో చూచిన ధర కట్టుకొనుట వేరు. కాటా మీదికెక్కి, తేమకును తరుగునకును పోగా చేతబడిన సొమ్ము వేరు.

ఆ లోకమునందే గింకో ఫైనాన్షియల్ అను పేర ఒక బ్యాంకు వెలసి, సంవత్సరమునకు నూటికి నలుబదికి పైగా వడ్డీ యిచ్చుచు వచ్చినది. 2007లో కంపెనీ అచటి జూదశాలలను మూయించెను. వెంటనే జనులు తమ నిలువలు తీసికొనుటకు ఎగబడిరి. ఆగస్టునెలలో బ్యాంకు కూలెను. సుమారు ఇరువదికోట్ల లిండెన్ డాలరులు, అనగా నిజమైన డాలరులలో ఏడులక్షలకు పైగా, చిక్కుకొనిపోయెను. 2008 జనవరిలో కంపెనీ అనుమతిపత్రము లేని బ్యాంకులను నిషేధించినది. పోయిన సొమ్ము మాత్రము తిరిగి రాలేదు. అచటి నాణెమును ముద్రించువాడును, శాసనము చేయువాడును, సంతను మూయగలవాడును ఒక్కడే. ఆ నాణెము ధనము కాదనియు, వాడుకొనుటకు ఇచ్చిన అనుమతి మాత్రమే యనియు కంపెనీ తన షరతులలో వ్రాసియే యుంచినది. చదువకయే ఒప్పుకొనువారు లక్షలు.

మనవారు రెండవ బొంబాయి యని పిలుచుకొను ఆదోనిలో ఈ తరమునకు మట్కా అనిన తెలియనిది కాదు. దాని పుట్టుక పత్తియందే. న్యూయార్కు పత్తివిపణిలో ప్రొద్దుట తెరచిన ధర, సాయంకాలము మూసిన ధర బొంబాయికి చేరుచుండగా వాని అంకెలపై పందెములు కట్టుచుండిరి. 1960 ప్రాంతమున ఆ ధరలు వచ్చుట నిలిచిపోయినది. పందెము నిలువలేదు. కుండలో చీట్లువేసి అంకెలు తీసిరి. ఆ కుండయే మట్కా. పత్తి పోయెను, ధర పోయెను, అంకె మిగిలెను. కల్పితలోకపు నాణెమును చూచినపుడు నాకీ కుండయే జ్ఞప్తికి వచ్చుచున్నది. దాని వెనుక కొనువాని యవసరము కొంతయైన నున్నదా, లేక రేపు మరియొకడు ఎక్కువకు కొనునను ఆశ యొక్కటే యున్నదా అని విచారింపవలెను.

ఈ ఆశ ఎట్లు పరిణమించినదో ఫిలిప్పైన్ దీవులలో కనబడినది. వియత్నాములోని స్కై మేవిస్ అను కంపెనీ 2018లో ఆక్సీ ఇన్ఫినిటీ అను ఆటను తెచ్చినది. ఆక్సీ లనగా చిన్న జంతువుల బొమ్మలు. ఆ కాలమున మూడు ఆక్సీలను కొన్నగాని ఆట మొదలుకాకుండెను. గెలిచినవారికి ఒక నాణెము వచ్చుచుండెను. దానిని బయట అమ్ముకొనవచ్చును. కోవిడ్ కాలమున పనులు పోయిన ఫిలిప్పైన్ పేదలు దీనిని జీవనాధారముగా చేసికొనిరి. 2021లో మూడు ఆక్సీల వెల వందల డాలరులకు ఎగబ్రాకినది. అంత సొమ్ము పేదవానికెక్కడిది? అందుచే ధనికులు ఆక్సీలను కొని పేదలకు ఆడుటకిచ్చి, సంపాదనలో పాలు తీసికొనిరి. దీనికి "స్కాలర్‌షిప్" అని గౌరవమైన పేరు పెట్టిరి.

మన ప్రాంతపు పెద్దలకు ఈ ఏర్పాటు వెంటనే బోధపడును. శావుకారు నూలు ఇచ్చును, నేతగాడు నేయును, కూలి విదిల్చి శావుకారు బట్ట తీసికొనిపోవును. 1938లో, ఎమ్మిగనూరు ఇంకను బళ్లారిజిల్లాలో నుండగా, మాచాని సోమప్పగారి పూనికతో నేతపనివారి సహకారసంఘము ఏర్పడినది ఈ పాశమునుండి విడివడుటకే. సంఘములో నేతగాడు సభ్యుడు. లెక్క అడుగవచ్చును, వోటు వేయవచ్చును. ఆక్సీలను ఆడినవానికి లెక్క అడుగు హక్కు లేదు, వోటు లేదు. ఆడినకొలది క్రొత్తనాణెములు పుట్టుచుండెను. వానిని ఖర్చుపెట్టు మార్గము క్రొత్త ఆక్సీలను పుట్టించుటయే. క్రొత్తవారు చేరుచున్నంతకాలమే ఆ ఆక్సీలకు బేరము. చేరిక తగ్గినది. 2021 మధ్యలో 30 సెంట్లు దాటిన నాణెము మరుసటి యేడు ఒక్క సెంటునకు దిగువకు పడిపోయినది. 2022 మార్చిలో దొంగలు ఆ ఆటకు సంబంధించిన రోనిన్ అను ఖజానానుండి అరువదికోట్ల డాలరులకు పైబడిన సొత్తును అపహరించిరి. ఆ దొంగలు ఉత్తరకొరియావారని అమెరికా పోలీసు శాఖ ప్రకటించెను. తుగ్గలి, జొన్నగిరి పొలములలో తొలకరికి వజ్రములు వెదకువారిని మనము నవ్వుదుము. కాని వారికి దొరికినచో దొరికినది రాయి. వర్తకుడు తక్కువకు అడిగినను రాయి రాయిగానే యుండును.

మన రాష్ట్రప్రభుత్వము 2020లో చట్టమును సవరించి పైకము ఒడ్డి ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటును అట్టి చట్టమునే దేశమంతటికి చేసినది. అయినను వేషము మార్చుకొని వచ్చునవి ఉండకపోవు. కాబట్టి పిల్లవాడు సొమ్ము అడిగినపుడు కసరి పంపుటకంటె ప్రక్కను కూర్చుండబెట్టుకొని చూపుమనుట మంచిది. లోపలికి సొమ్ము పోవు ద్వారము అందరును చూపుదురు. వెలుపలికి వచ్చు ద్వారము చూపుమనుడు. పిల్లలు మిక్కిలి ఆడు రోబ్లాక్స్ అను లోకములో రోబక్స్ అను నాణెమును కొనుటకు వెచ్చించినదానిలో, సంపాదించినదానిని మార్చుకొనునపుడు వచ్చునది మూడవవంతునకు అటునిటుగా మాత్రమే. కొన్న నాణెమును మార్చుకొననే కూడదు. తాను ఏదేని నిర్మించి, ఇతరులు దానికి చెల్లింపగా వచ్చినదానినే మార్చుకొనవలెను. పెట్టుబడి యేమియు లేకుండ ముందుగా నూరురూపాయలు సంపాదించి, అవి తన బ్యాంకుపుస్తకములో పడినట్లు చూపిన పిల్లవానితో తరువాతి మాట మాటలాడవచ్చును.

బొమ్మలు గీయు నేర్పున్న పిల్లవాడైనచో నాణెములు కొననిచ్చుటకంటె గీయుట నేర్చుకొననిండు. బ్లెండర్ అను సాధనము ఉచితముగా దొరకును. దానితో నేర్చిన పని సినిమాలకును, ఇండ్ల నమూనాలకును గూడ పనికివచ్చును. ఒక కంపెనీ సంత మూసికొన్నను ఆ నేర్పు వానియొద్దనే యుండును.

ఇదివరకే సొమ్ము మోసగాండ్ర పాలైనచో సిగ్గుపడి దాచుకొనక 1930 అను నంబరునకు ఆ గంటలోనే ఫోను చేయింపుడు. ఆలస్యమైనకొలది సొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు మారిపోవుచుండును.