చెవితో చదువు ఉద్యోగులు



పాణినీయశిక్షలో చదువరులకు ఆఱు దోషములు చెప్పబడినవి. పాడుచు చదువుట, తొందరగా చదువుట, తల యాడించుచు చదువుట, వ్రాసినదానిని మాత్రమే చూచి చదువుట, అర్థ మెఱుగక చదువుట, పీలగొంతుతో చదువుట. ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు నేనీ మాట చెప్పుచు వచ్చితిని. నేడు నేను ముచ్చటింపబోవు చదువరికి మాత్రము వీటిలో ఒకటి గుణమైనది, రెండు విడరానివి. ఆ చదువరి మనుష్యుడు కాడు. కంప్యూటరులో నుండు స్క్రీన్ రీడర్ అను సాధనము.

చూపులేని ఉద్యోగి మౌసు పట్టడు. కీబోర్డు మీటలతోనే పని నడుపును. తెరపై అత డెచ్చటికి పోయినను, అచ్చట నున్న అక్షరములను ఈ సాధనము చదివి చెవిలో వినిపించును. అలవాటుపడినవారు దానిని ఎంత వేగముగా విందురనగా, ప్రక్కన నిలిచిన మనకు అది భాషయో, కీచురాళ్ల రొదయో తెలియదు. అందుచేత పలువురు తీయని మానవకంఠమును కాదని, ఈస్పీక్ వంటి గరుకైన యంత్రకంఠమునే కోరుదురు. ఎంత వేగము పెంచినను దాని పలుకులు విడివిడిగా వినవచ్చును. తొందర యిచ్చట దోషము కాదు.

ఈ సాధనములను నిర్మించుటలో చూపులేనివారే ముందుండిరి. 1989లో వెలువడిన జాస్‌ను రూపొందించిన అమెరికా దేశస్థుడు టెడ్ హెంటర్ మోటారుసైకిలు పందెగాడు. 1978లో కారు ప్రమాదమున చూపు కోల్పోయెను. జాస్ వెల పెట్టి కొనవలసినది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ ప్రారంభించిన ఎన్‌విడిఎ ఉచితముగా దొరకును. కరనును చూపులేనివాడే.

ఇక తెలుగు మాట. మన వ్రాతలో చకారము ఒకటే, పలుకుబడులు రెండు. చాపమనగా విల్లు, అది తాలవ్యము. కూర్చుండెడి చాప దంత్యము. పిల్లవాడు తల్లి నోట విని నేర్చిన ఈ భేదమును యంత్రమునకు ఎవరో నియమముగా చెప్పవలెను. వెనుకటివారు దంత్యమునకు వేఱు గుర్తు నుంచి వ్రాసిరి. ఆ యక్షరములు 2008లో యూనికోడ్‌లో చేరినవి గాని, నేడు వాడువారు అరుదు. ఈ విషయమును నేను కొంత ఆవేశముతో నా శిష్యునితో ప్రస్తావించితిని. పుట్టుకతో చూపులేని ఆ యువకుడు నాయొద్దనే తెలుగు చదివి, నేడొక కార్యాలయమున లెక్కలు చూచుచున్నాడు. అతడు నవ్వి, “మాస్టారూ, చాపను ఎట్లా పలికినా నాకు తెలుస్తుందండీ. అసలు పలక్కుండా పోయినప్పుడే నాకు భయం,” అనెను.

ఆ భయమునకు కారణము కలదు. ఆంగ్లకంఠము చదువుచుండగా నడుమ తెలుగు పేరు వచ్చినచో, కొన్ని కంఠములు దానిని మౌనముగా దాటిపోవును. విను వానికి అచ్చట ఒక పేరున్నదను సంగతియే తెలియదు. లిపిని గుర్తించి కంఠము తనంతట మాఱుట ఈ సాధనమున ముందుగా కావలసిన మెఱుగు.

తక్కిన మెఱుగు మన చేతిలో నున్నది. యంత్రము వ్రాసినదానినే చదువును గదా! అను ఫాంటులలో కూర్చిన కాగితము కంటికి తెలుగే. లోపల నున్నవి ఆంగ్లాక్షరముల సంకేతములు. యంత్రము ఆ గందరగోళమునే చదువును. యూనికోడ్‌లో కూర్చినచో తెలుగు తెలుగుగా వినబడును. సంతకముతో స్కాను చేసి పంపిన ఉత్తరము వట్టి బొమ్మ. బొమ్మనుండి అక్షరములను గుర్తించు సాధనములున్నవి గాని, మన ఒత్తులవద్ద తడబడును. కృత్రిమమేధ బొమ్మను వర్ణించి చెప్పుట కద్దు. ఊహ కథకు చాలును, లెక్కకు చాలదు. ఇక శీర్షికను లావుగా దిద్దినంత మాత్రమున అది శీర్షిక యని యంత్ర మెఱుగదు. శీర్షికగా గుర్తు పెట్టినచో, నూఱు పుటల నివేదికలో అతడు ఒక్క మీటతో శీర్షికనుండి శీర్షికకు దుముకగలడు. గుర్తు లేనిచో మొదటినుండి తుదివరకు వినుటయే గతి.

నా శిష్యుని కార్యాలయమున క్రొత్త సాఫ్ట్‌వేరు పెట్టిరి. అందు బటనులపై అందమైన బొమ్మలు, పేర్లు లేవు. చెవిలో వినబడునది “బటన్, బటన్, బటన్” అని మాత్రమే. ఏది ఆమోదమో, ఏది తిరస్కారమో తెలియదు. బిల్లు పంపవలసివచ్చినపుడెల్ల ప్రక్క ఉద్యోగికి తన పాస్‌వర్డు చెప్పి నొక్కించుకొనవలసివచ్చెను. పొరపాటు జరిగినచో బాధ్యత ఎవరిది? పేరు మాత్రము ఇతనిది. కొన్నాళ్లకు పై అధికారి, దయతోనే కావచ్చును, టెలిఫోను చూచుకొమ్మనెను. చూపు లేకున్నను చేయగలిగిన పనిని బటనుకు పేరు లేమి లాగికొనినది. ఆ దయ నాకు రుచింపలేదు.

చట్టము లేకపోలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము సమాచారసాధనములు అందఱికి అందుబాటులో నుండవలెనని విధించినది. డిజిటల్ సేవల అందుబాటు జీవించుహక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కాని కార్యాలయములవారు సాఫ్ట్‌వేరు కొనుటకు ముందు, దానితో పనిచేయవలసిన చూపులేని ఉద్యోగిని ఒక్క దినము దానియెదుట కూర్చుండబెట్టి చూడవలదా? కొన్న పిదప దిద్దించుట ఎంత కష్టమో నా శిష్యుని అడుగుడు.

అతడు ఎనిమిది నెలలు ఉత్తరములు వ్రాసెను. తుద కా సాఫ్ట్‌వేరు కంపెనీనుండి ఒక పడుచువాడు వచ్చి, తెర నార్పి, ఇతని ప్రక్కన కూర్చుండెను. ఒక్కొక్క బటను వద్ద ఆగి “ఇదేమిటండీ?” అని ఇతడడుగుట, అతడు దానికి పేరు వ్రాయుట. సాయంకాలమునకు పని ముగిసెను. మఱునాడుదయమున నా శిష్యుడు కార్యాలయమునకు పోయి, మొట్టమొదట తన పాస్‌వర్డు మార్చుకొనెను.