మలేసియాలో మాకు దొరికిన మాటలు
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పండితులు మాట్లాడవలసిన ఈ వేదిక మీద మమ్మల్ని మా విహారయాత్ర గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము తీర్థయాత్రకూ పోలేదు, సాహిత్య సభకూ పోలేదు. పిల్లల బడి సెలవులలో పది రోజులు మలేసియా వెళ్లి, వీధులలో తిన్నాము, మాల్స్‌లో తిరిగాము. ఇందులో చెప్పేంతటిది ఏముందని మొదట సంకోచించాము. కాని ఒక సంగతి ఉన్నది. దానిని మీ ముందు ఉంచాలనే నిలుచున్నాము.

మలేసియాకే ఎందుకు వెళ్లారని కొందరు అడిగారు. 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూరులో జరిగాయి. మా నాన్నగారు వెళ్లాలని ఎంతో ఆశపడ్డారు. చెరకు తోట జీతంతో విమానం టిక్కెట్టు కొనడం సాధ్యపడలేదు. 1990లో మూడవ మహాసభలు మన మారిషస్‌లోనే జరిగినప్పుడు, "మనం పోలేకపోయినా వాళ్లే మన ఇంటికి వచ్చారు" అని మురిసిపోయారు. ఆయన కాలం చేసిన తరువాత ఆ ఊరి పేరు మా అమ్మగారి మనసులో మిగిలిపోయింది. అందుకని ఆమెను, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని బయలుదేరాము.

మొదటి మూడు రోజులు పిల్లల మాటే చెల్లింది. పిల్లలకు మాల్సే లోకం కదా! 452 మీటర్ల ఎత్తున్న పెట్రోనాస్ జంట గోపురాల కిందనే, 1998లో తెరిచిన సూరియా కె.ఎల్.సి.సి. ఉన్నది. బెర్జాయా టైమ్స్ స్క్వేర్‌లోనైతే భవనం లోపలే రోలర్ కోస్టర్ తిరుగుతుంది. నోరు తెరుచుకుని చూశాము. కాని రెండవ రోజు సాయంకాలానికే మా అబ్బాయి, "ఇది మన బగతెల్ కన్నా పెద్దది, అంతే" అన్నాడు. చెప్పులు, చొక్కాలు, ఫోనులు, అన్నిటి మీదా మనకు తెలిసిన పేర్లే. మాల్‌ను నిందించడం మా ఉద్దేశం కాదు. ఉన్నట్టుండి కుండపోతగా వాన కురిసే ఆ ఊళ్లో, పెద్ద వయసు తల్లికి చల్లగా కూర్చునే చోటు, శుభ్రమైన మరుగుదొడ్డి దొరకడం తక్కువ సంగతి కాదు. అయితే మూడు రోజులలో మా అమ్మగారిని "మీదే ఊరమ్మా?" అని అడిగిన వారు అక్కడ ఒక్కరూ లేరు.

నాలుగవ నాడు రైలెక్కి బటర్‌వర్త్ చేరి, అక్కడినుండి పడవ మీద పినాంగు ద్వీపానికి దాటాము. అక్కడి జార్జి టౌనును, మలక్కా నగరంతో కలిపి, 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. పాత ఇళ్ల ముందు, సందు మొగల్లో, బండ్ల మీద వంట సాగుతూనే ఉంటుంది. వెడల్పాటి బియ్యపు నూడుల్స్‌ను ఎర్రటి మంట మీద వేయించే చార్ కొయ్ తియావ్ పిల్లలకు తెగ నచ్చింది. చెండోల్ అని, మంచు తురుము మీద కొబ్బరిపాలు, తాటిజాతి చెట్టు బెల్లం పాకం పోసి, ఆకుపచ్చని పిండి తీగలు వేసి ఇస్తారు. మన పోర్ట్ లూయీ బజారులోని ఆలూదాకు అది చెల్లెలు అనుకోండి.

ఆ రోజు శనివారం. మా అమ్మగారు మాంసం ముట్టరు. రోటీ చనాయ్ తెప్పించాము. చూడగానే, "ఇది మన ఫరాతా కాదూ!" అన్నారు. నంచుకోవడానికి ఇచ్చే పప్పును మాత్రం అడిగి తెలుసుకుని తినండి, దానిని మాంసంతో వండే అలవాటు కూడా అక్కడ ఉన్నది. అలాంటి తమిళ ముస్లిముల హోటళ్లను అక్కడ మామక్ అంటారు. అది మామ అన్న మాట నుండి వచ్చినదే.

పక్క బల్ల మీద నాసీ కందర్ పెట్టారు. నాసీ అంటే అన్నం. కందర్ అంటే ఏమిటని అడిగితే, వెనుకటి రోజులలో అన్నం, కూరలు ఒక బద్దకు రెండు వైపులా వేలాడదీసి, భుజాన మోసుకుంటూ వీధి వీధి తిరిగి అమ్మేవారని, ఆ బద్ద పేరే దానికి వచ్చిందని చెప్పారు. మా అమ్మగారు వెంటనే, "కావడి!" అన్నారు. పిల్లలు తెల్లబోయారు. మన దేశంలో కావడి అంటే వారికి పండుగ, సెలవు దినం. అది నీళ్లు మోసే వస్తువని, తన చిన్నతనంలో దానితో నీళ్లు తెచ్చేవారని ఆమె చెప్పేదాకా వారికి తెలియదు. ఇంట్లో ఇన్నేళ్లుగా ఉండి కూడా మేము ఆమెను అడగలేదు, ఆమె చెప్పలేదు.

తిరిగి కౌలాలంపూరు చేరిన సాయంత్రం, రైలు స్టేషను పక్కనే ఉన్న బ్రిక్‌ఫీల్డ్స్ పేటకు నడిచాము. ఒక బండి దగ్గర వెదురు గొట్టాలలోంచి ఆవిరి వస్తున్నది. బియ్యపు పిండి, మధ్యలో బెల్లం, పైన కొబ్బరి కోరు. బోర్డు మీద పుతు బంబు అని ఉన్నది. "పుతు! మన పుతు!" అని మా అమ్మాయి క్రియోల్‌లో అరిచింది. "పిట్టు అనాలే తల్లీ" అన్నారు మా అమ్మగారు. అంతే, ముందు నిలుచున్న ఒకావిడ వెనుదిరిగి, "మీరు తెలుగువాళ్లా అమ్మా? మీదే ఊరు?" అన్నది.

ఆవిడ తాతగారు పేరాక్ రాష్ట్రంలోని బాగాన్ దాతో కొబ్బరి తోటలకు వచ్చినవారట. మా ముత్తాతగారు చెరకు తోటలకు వచ్చారు. ఆవిడ తెలుగులో మలయ్ మాటలు, మా తెలుగులో క్రియోల్ మాటలు. అయినా వాళ్లిద్దరూ అరగంట మాట్లాడుకున్నారు, మేము సగమే అర్థం చేసుకున్నాము. "మా పిల్లలకూ వింటే తెలుస్తుంది గాని, నోట పలకరమ్మా" అని వెళ్లేటప్పుడు ఆవిడ అన్న మాట మమ్మల్ని ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

మరునాడు వాన. మళ్లీ మాల్‌లోనే చిక్కుకున్నాము. మా అబ్బాయి కొన్న బూట్ల బిల్లు తిప్పి, దాని వెనుక ఏదో రాస్తున్నాడు. చూస్తే కావడి అని తెలుగు అక్షరాలు! "అమ్మమ్మా, పిట్టులో ఒత్తు ఉందా?" అని అడిగాడు. "ఒత్తంటే నాకేం తెలుసు నాయనా! గట్టిగా పలకాలి" అన్నారామె. వాడు ట కింద ట ఒత్తు పెట్టాడు. సరిగ్గానే పెట్టాడు.

అప్పుడు మాకు మన పరిస్థితి అర్థమయింది. మా అమ్మగారు బడికి పోలేదు, ఆమెకు మాట ఉన్నది, అక్షరం లేదు. మా అబ్బాయి బళ్లో తెలుగు చదువుతున్నాడు, వాడికి అక్షరం ఉన్నది, మాట లేదు. నడుమ ఉన్న మేము, రెండూ ఇంట్లోనే ఉన్నా, ఇద్దరినీ ఒక చోట కూర్చోబెట్టలేదు. తప్పు మాది. మాల్ బెంచీ మీద వారిద్దరూ రెండు గంటలు కూర్చున్నారు. అట్లకాడ, జల్లెడ, తెడ్డు, పిడికెడు, కోరు, పొంగు, ఇలా ఇంటికి వచ్చేనాటికి 37 మాటలు పోగయ్యాయి.

పెద్దలకు మా మనవి ఒక్కటే. ఈ రోజు భోజనశాలలో పులిహోర, పాయసం, గారెల పక్కన పేర్ల చీటీలు లేవు. తెల్ల కాగితాలు, పెన్నులు బల్ల మీద పెట్టించాము. మీ ఇంటి అవ్వనో, తాతనో పేరు చెప్పమనండి, పిల్లలచేత రాయించండి. ఒత్తులు తప్పినా ఫరవాలేదు. ముందు ఇద్దరూ పక్కపక్కన కూర్చోవాలి.